వాపసు మూటలో వచ్చినది ఎవరి చీర?

భూదాన్ పోచంపల్లి: 2025 దసరా వెళ్ళిన తరువాత ఈ మండలంలోని ఒక చేనేత ఇంటికి ఒక అట్టపెట్టె తిరిగి వచ్చింది. అంతకు పన్నెండు రోజుల ముందు అదే పెట్టెలో ఆ ఇంటివారు ఒక చిటికి పట్టుచీరను మడతపెట్టి ఆన్‌లైన్ అంగడి ద్వారా హైదరాబాదుకు పంపారు. ధర 7,200 రూపాయలు. పెట్టె తమదే. పైన అంటించిన చీటీ తమదే. లోపలి చీర మాత్రం తమది కాదు. రంగు అదే, నమూనా ఇంచుమించు అదే, కాని అది మిల్లు బట్ట మీద అచ్చు వేసిన చీర. ఏ బజారులోనైనా వెయ్యి రూపాయలకు దొరికే సరుకు.

కొన్నవారు వాపసుకు చెప్పిన కారణం "నాణ్యత బాగా లేదు" అని. అచ్చు చీర నాణ్యత బాగా లేని మాట నిజమే.

చిటికి పని తెలిసిన వారికి ఈ మోసం కనిపెట్టడానికి అర నిమిషం చాలు. ఈ పనిలో దారానికి నేయకముందే రంగు వేస్తారు. ఆసు మీద దారం పోసి, నమూనా గీసి, గీసిన చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టడం, ముంచడం, ఆరబెట్టడం, మళ్ళీ విప్పడం. అందుచేత నేసిన చీరకు పై వైపు, లోపలి వైపు అనే తేడా ఉండదు. గీతల అంచులు కాస్త జరిగినట్లు, ఈకలు వేసినట్లు కనిపిస్తాయి. అచ్చు చీరలో గీత కత్తితో కోసినట్లు ఉంటుంది, తిరగేస్తే వెలిసిపోయినట్లు ఉంటుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తల్లి పడే భుజాల నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది అందుకే.

ఇంత శ్రమ చేసిన ఇల్లాలికి పెట్టె తెరవగానే విషయం తెలిసింది. పెట్టె తెచ్చిన కొరియర్ కుర్రాడు ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. "గిది మా చీర కాదు తమ్మీ, వాపసు తీస్కపో" అన్నది. "అక్కా, లోపల ఏమున్నదో నాకు తెల్వదు. పెట్టె మీద గీతలు స్కాను చేసుడే నా పని" అని అతడు బండి ఎక్కాడు. అతడిలో తప్పు లేదు. రోజుకు ఎన్ని పెట్టెలు ఇస్తే అంత కూలి దొరికే పని అది. అవతల కొన్నవారి గడపలో పెట్టెను తిరిగి తీసుకున్న కుర్రాడూ ఇట్లాగే గీతలు స్కాను చేసి ఉంటాడు. ఆ స్కానుతోనే కొన్నవారి ఖాతాలోకి సొమ్ము తిరిగి వెళ్ళిపోయింది. అప్పటికి చీరను అమ్మినవారు పెట్టెను కళ్ళతో చూడనైనా లేదు.

తరువాత ఫిర్యాదు పెట్టారు. గడువు కొద్ది రోజులే. ఫారం ఇంగ్లీషులో ఉన్నది. భువనగిరిలో కాలేజీకి పోయే అబ్బాయి వచ్చేదాకా ఆగి, అచ్చు చీర ఫోటోలు తీయించి పంపారు. రెండు రోజులకు జవాబు వచ్చింది. చీరను పంపేటప్పుడు తీసిన వీడియో లేదు, తిరిగి వచ్చిన పెట్టెను తెరిచేటప్పుడు తీసిన వీడియో లేదు, కనుక క్లెయిము ఇవ్వలేము అని దాని సారాంశం. పట్టు కొనడానికి తెచ్చిన అప్పు, ఇంటిల్లిపాది పని, పోయిన చీర ఒక ఎత్తు. రానుపోను కొరియరు ఖర్చు కూడా అమ్మినవారి లెక్కలోనే కోశారు.

ఇంటాయన బస్సెక్కి హైదరాబాదు పోతానన్నాడు. యాభై కిలోమీటర్ల దూరం. చీటీ మీద పేరు, పేట ఉన్నాయి. ఇల్లాలు ఆపింది. "పోయి ఏమని అడుగుతవు? దొంగ అన్నవంటె మన మీదనే కేసు పెడతరు" అన్న ఆమె మాట పిరికిమాటగా తోచవచ్చు. సాక్ష్యం లేని మనిషికి అంతకంటె తెలివైన మాట లేదు.

ఒక్క ఇంటి సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. ఆన్‌లైన్ అమ్మకంలో కొన్నవారు వేలితో ఒక్క గుర్తు నొక్కితే చాలు, అది సత్యమై కూర్చుంటున్నది. అమ్మినవారు వీడియోలు, ఫోటోలు, బరువు లెక్కలు, ఇంగ్లీషు వాక్యాలు అన్నీ చూపినా అది అనుమానమే. సాక్ష్యం కూడబెట్టే భారం మొత్తం, దానికి సాధనాలు తక్కువగా ఉన్న మనిషి నెత్తిన పడింది. మధ్యనున్న అంగడివారికి గోదాములున్నాయి, కెమెరాలున్నాయి, ఉద్యోగులున్నారు, ఏ ఇంటి నుండి ఎన్ని వాపసులు వచ్చాయో చెప్పే లెక్కలున్నాయి. సాక్ష్యం వారి వద్దనే ఉండగా మగ్గం మీద కూర్చున్న వానిని తెమ్మనడం న్యాయం కాదు.

ఇందులో రకరకాల మోసాలున్నాయి. పెళ్ళికి కట్టుకొని వాపసు పంపేవారు కొందరు. కుచ్చిళ్ళ మడతలు పడి, అంచున పసుపు మరకతో, అత్తరు వాసనతో చీర తిరిగి వస్తుంది. కారణం "రంగు నచ్చలేదు". పెట్టె ఖాళీగా వచ్చిందనే వారు కొందరు. ఇంటి వద్ద డబ్బు కట్టే పద్ధతిలో తెప్పించి, కుర్రాడు గడప దాకా వచ్చిన తరువాత వద్దనేవారు ఇంకొందరు. వీరిలో మోసం కంటె అలక్ష్యం ఎక్కువ, అయినా చీర పది రోజులు దారిలో తిరిగి వస్తుంది, ఈలోగా పండుగ వెళ్ళిపోతుంది. అన్నిటికంటె వికారమైనది బెదిరింపు. చీర ఉంచుకుంటాము, సగం ధర తిరిగి ఇవ్వండి, లేకుంటే ఒక్క నక్షత్రం వేసి చెడుగా రాస్తాము అనేది. చిన్న అంగడికి నక్షత్రాలు తగ్గితే సరుకు వెనుక పేజీలకు పోతుంది. అందుకని నోరు మూసుకొని సగం సొమ్ము ఇచ్చేవారూ లేకపోలేదు.

ఆన్‌లైన్ అంగడి లేకుండా నేరుగా వాట్సాప్‌లో అమ్ముకునే వారి కష్టం వేరు. డబ్బు పంపినట్లు ఒక బొమ్మ తయారుచేసి చూపి, సరుకు పంపమంటారు. ఫోనులో కనిపించే బొమ్మ రశీదు కాదు. బ్యాంకు ఖాతాలో సొమ్ము పడిందా లేదా అన్నదే చూడాలి. "డబ్బు పంపుతున్నాము, ఈ కోడ్ స్కాను చేసి పిన్ కొట్టండి" అన్నవాడు నూటికి నూరుపాళ్ళు దొంగ. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే ఖాతాలో ఆపించే వీలుంటుంది, ఆలస్యమైతే కష్టం.

పెద్దలకు వి.పి.పి. గుర్తుండే ఉంటుంది. పోస్టాఫీసులో మూట కట్టి, లక్క ముద్ర వేసి పంపితే, తెప్పించుకున్నవారు పోస్టుమాన్ చేతిలో సొమ్ము పెట్టిన తరువాతనే మూట వారి చేతికి వచ్చేది. వద్దంటే సీలు విప్పని మూట అట్లాగే తిరిగి వచ్చేది. పంపినవారికి తపాలా ఖర్చే నష్టం. ఆ పద్ధతిలో మోసపోయినది కొన్నవారు. ట్రాన్సిస్టర్ రేడియో తెప్పించుకుంటే ఇటుక వచ్చిన కథలు ప్రతి ఊళ్ళోనూ చెప్పుకునేవారు. నేడు ఇటుక ఎదురు దిక్కున ప్రయాణం చేస్తున్నది.

అమ్మేవారందరూ సత్యసంధులని ఎవరూ అనరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆన్‌లైన్‌లో పోచంపల్లి పేరు పెట్టి అచ్చు చీరలు, మరమగ్గాల చీరలు అమ్మే అంగళ్ళు కోకొల్లలు. బొమ్మలో ఒకటి, పెట్టెలో ఒకటి పంపేవారి మూలంగానే వాపసు హక్కు ఇంత గట్టిగా తయారైనది. ఆ హక్కు ఉండవలసినదే. చేతితో తాకి చూడకుండా వేలు పోసి కొనేవారికి ఆ మాత్రం ధైర్యం లేకపోతే పల్లె చీర పట్నం దాటదు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడి చీరల నిల్వలు ఇళ్ళలో పేరుకున్నప్పుడు, ఎందరికో దారి చూపినది సెల్‌ఫోనే. సేటు ఇచ్చినంత, ఇచ్చినప్పుడు తీసుకోవడం మాని, తమ ధర తాము పెట్టుకునే అవకాశం అప్పుడు దొరికింది. 2023 అక్టోబరు 1 నుండి అమ్మకాలు పరిమితి లోపు ఉన్నవారు సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్ అంగళ్ళ ద్వారా అమ్ముకోవడానికి జి.ఎస్.టి. రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదని సడలించారు. తలుపు తెరిచినట్లే తెరిచి లోపల కాపలా పెట్టలేదు, అంతే.

చట్టం ఏమంటున్నదో చూడాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది, అదే నెలలో ఈ-కామర్స్ నియమాలూ వచ్చాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి, ఫిర్యాదుల అధికారి పేరు బహిరంగంగా ఉంచాలి. మంచి నియమాలే. కాని అవి వినియోగదారు కోసం, అంటే కొన్నవారి కోసం. 1915 నంబరూ వారి కోసమే. చీర నేసి అమ్మినవానికి అంగడివారు ఎన్ని గంటలలో జవాబివ్వాలి, ఏ భాషలో ఇవ్వాలి, క్లెయిము కాదంటే పైన ఎవరితో మొరపెట్టుకోవాలి అన్నదానికి ఇటువంటి ఏర్పాటు లేదు.

పోలీసుల దగ్గరకు పోవచ్చు. వస్తువు మార్చి పంపి సొమ్ము రాబట్టడం మోసమే. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ దాని గురించే. నేరం ఏ ఊళ్ళో జరిగినా దగ్గరి ఠాణాలో ఫిర్యాదు నమోదు చేయించుకునే వీలు కూడా కొత్త చట్టంలో ఉన్నది. 2024లో బెంగళూరులో వాపసుల పేరుతో కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్న ఒక పెద్ద బట్టల సంస్థ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. వేల ఆర్డర్ల లెక్కలు తీసి ముఠా పని అని చూపగల మనుషులు ఆ సంస్థకు ఉన్నారు. ఏడు వేల చీర కోసం ఠాణా చుట్టూ నాలుగు రోజులు తిరిగితే ఆ నాలుగు రోజుల నేత ఎవరు నేస్తారు?

కనుక పని అంగడివారి నుండే మొదలు కావాలి. విలువైన చేనేత సరుకు వాపసు తీసుకునేటప్పుడు కొన్నవారి గడపలోనే పెట్టె విప్పి, పంపిన చీర బొమ్మతో పోల్చి ఫోటో తీయాలి. ఫోనులు, ఖరీదైన ఎలక్ట్రానిక్ సామాను విషయంలో గడపలో పెట్టె విప్పి చూపే పద్ధతి ఇప్పటికే ఉన్నది. చీరకు కుదరదనడం వట్టి మాట. తగవు ఉన్నప్పుడు అది తేలేవరకు అమ్మినవారి సొమ్ము కోయరాదు. క్లెయిము కాదంటే కారణం తెలుగులో చెప్పాలి. మాటిమాటికి వాపసు పంపే ఖాతాలకు గడపలో డబ్బు కట్టే వసతి తీసివేయాలి. ఇవన్నీ అంగడివారు తమంతట తామే చేస్తారని ఆశించడం కష్టం. చేనేత జౌళి శాఖ వారు, ఈ ప్రాంత ప్రజాప్రతినిధులు కేంద్రం దృష్టికి తీసుకుపోయి, అమ్మేవారి ఫిర్యాదులకు కూడా 48 గంటలు, నెల అనే గడువులు నియమాలలో చేర్పించవలసి ఉన్నది. ప్రతి సంవత్సరం ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి శాలువాలు కప్పుతున్నారు. ఆ వేదిక మీద ఈ మాట ఎత్తితే శాలువా కంటె మేలు.

ఈలోగా నేతగాళ్ళు కొన్ని జాగ్రత్తలు తమ చేతులతో చేసుకోవలసినదే. చీరను రెండు వైపులా చూపుతూ, చీటీ నంబరు కనిపించేటట్లు, ఆపకుండా ఒకే వీడియోలో మడతపెట్టి పెట్టె మూయాలి. తిరిగి వచ్చిన పెట్టెను కుర్రాడు ఉండగానే, వీడియో మొదలుపెట్టిన తరువాతనే తెరవాలి. పంపేటప్పుడు తూచిన బరువు రాసుకోవాలి. తెంచితే తప్ప ఊడని చీటీని కొంగు దగ్గర కుట్టి, అది తెగితే వాపసు లేదని అమ్మకపు పేజీలోనే చెప్పాలి. ఒక్కొక్క ఇంట్లో ఇవన్నీ జరగడం కష్టం గనుక, చేనేత సహకార సంఘాలు ఒక గది, ఒక తక్కెడ, ఒక కెమెరా, చదువుకున్న ఒక పిల్లను పెట్టి వాడవారందరి పెట్టెలూ అక్కడి నుండే పంపే ఏర్పాటు చేయవచ్చు. ఖర్చు పెద్దది కాదు. ఇళ్ళవారందరూ పంచుకుంటే ఒక్కొక్కరికి భారం తగ్గుతుంది.

దసరా నాటి ఆ ఇంటివారు రెండు నెలలు ఆన్‌లైన్ అమ్మకం మానుకున్నారు. సేటు ధర చూసిన తరువాత మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు పెట్టె మూసేటప్పుడు పెద్దబ్బాయి ఫోను పట్టుకొని నిలబడుతున్నాడు. అచ్చు చీరను పారవేయలేదు. అది దండెం మీదనే ఉన్నది. ఆదివారాలు హైదరాబాదు నుండి చీరలు చూడవచ్చేవారికి ఆ ఇల్లాలు ముందు దానిని తిరగేసి చూపి, ఆ తరువాతనే మగ్గం మీది చీర దగ్గరకు తీసుకుపోతున్నది.