బ్రౌజరు ఆధారిత గేమ్ ఇంజన్లు, డెస్క్‌టాప్ ఆటల నిర్మాణం

బ్రౌజరు ఆధారిత గేమ్ ఇంజను అనగా జావాస్క్రిప్ట్, హెచ్‌టీఎంఎల్5, వెబ్‌జీఎల్ వంటి అంతర్జాల సాంకేతికతలపై నడిచే ఆటల నిర్మాణ సాధనము. ఫేజర్, ఇంపాక్ట్, పిక్సీజేఎస్, ప్లేకాన్వాస్, కన్‌స్ట్రక్ట్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. వీటితో తయారైన ఆటను వెబ్‌పేజీలో నేరుగా ఆడవచ్చును. అదే ఆటను ఒక చిన్న బ్రౌజరుతో కలిపి మూటకట్టి, సాధారణ కంప్యూటరు ప్రోగ్రాము వలె అమ్మవచ్చును కూడా. ఈ రెండవ ఉపయోగమే గత పదిహేనేళ్ళుగా స్వతంత్ర నిర్మాతలలో చర్చకు, కొంత అసంతృప్తికి కారణమైనది. ఈ ఇంజన్లు ఆట మొదలుపెట్టడాన్ని ఎంతో సులభం చేసినవి. అయితే ఆటను పూర్తిచేసి, అంగట్లో పెట్టి, ఏళ్ళ తరబడి నిలబెట్టుకొనే దశలో ఇబ్బందులు ఎదురవుతున్నవి. ఆ ఇబ్బందులను, వాటి కారణాలను, ప్రస్తుత పరిస్థితిని ఈ వ్యాసము వివరిస్తుంది.

నేపథ్యము

2000వ దశకంలో అంతర్జాలంలోని ఆటలలో అధిక భాగము ఫ్లాష్‌తో తయారైనవి. ఫ్లాష్ బ్రౌజరులో అంతర్భాగము కాదు, విడిగా చేర్చుకోవలసిన ప్లగిన్. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ తమ ఫోన్లలో ఫ్లాష్‌ను ఎందుకు అనుమతించబోరో వివరిస్తూ ఒక బహిరంగ లేఖ ప్రకటించారు. ఆ తరువాత నిర్మాతల దృష్టి క్రమంగా ప్లగిన్ అవసరము లేని హెచ్‌టీఎంఎల్5 వైపు మళ్ళినది. 2011 మార్చిలో వెబ్‌జీఎల్ మొదటి ప్రమాణము వెలువడుటతో బ్రౌజరులోని ఆటలకు గ్రాఫిక్స్ కార్డును నేరుగా వాడుకొనే అవకాశము కలిగినది. 2015 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ పాత ప్లగిన్ పద్ధతిని పూర్తిగా తొలగించినది. దానితో యూనిటీ వెబ్ ప్లేయర్ కూడా ఆ బ్రౌజరులో పనిచేయుట మానివేసినది. ఫ్లాష్‌కు అడోబ్ సంస్థ మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసినది.

ఈ పరిణామాల నడుమ "ఒకసారి వ్రాయండి, అన్నిచోట్లా ఆడించండి" అనే ఆశ బలపడినది. లండనుకు చెందిన స్కిర్రా సంస్థ 2011లో విడుదల చేసిన కన్‌స్ట్రక్ట్ 2 ఈ మార్పుకు మంచి ఉదాహరణ. దీని పూర్వ రూపము విండోస్‌కు మాత్రమే పనికివచ్చే స్థానిక ప్రోగ్రాములను తయారుచేసేది. కన్‌స్ట్రక్ట్ 2 హెచ్‌టీఎంఎల్5 ఆటలను తయారుచేసినది. అదే విధంగా రూబీ భాషపై ఆధారపడిన ఆర్‌పీజీ మేకర్ శ్రేణి కూడా 2015లో వచ్చిన ఎంవీ రూపముతో జావాస్క్రిప్ట్‌కు మారినది.

డెస్క్‌టాపుకు చేర్చే విధానము

బ్రౌజరు కొరకు వ్రాసిన ఆటను డెస్క్‌టాపు ప్రోగ్రాముగా మార్చుటకు ప్రధానంగా రెండు మార్గములు కలవు.

మొదటిది, క్రోమియం బ్రౌజరును మొత్తంగా ఆటతో పాటు పంపిణీ చేయుట. నోడ్-వెబ్‌కిట్ అనే పేరుతో మొదలైన ఎన్‌డబ్ల్యూ.జేఎస్, గిట్‌హబ్ సంస్థ తమ ఆటమ్ ఎడిటరు కొరకు రూపొందించిన ఎలక్ట్రాన్ ఈ పద్ధతికి చెందినవి. ఆట ఏ బ్రౌజరులో నడుస్తుందో నిర్మాతకు ముందే తెలియుట ఇందులోని లాభము.

రెండవది, ఆపరేటింగ్ సిస్టముతో పాటు వచ్చే వెబ్ భాగాన్నే వాడుకొనుట. మైక్రోసాఫ్ట్ వారి వెబ్‌వ్యూ2, దానిని విండోస్‌పై ఉపయోగించుకొనే టౌరీ ఈ పద్ధతికి చెందినవి. ఆట పరిమాణము బాగా తగ్గుతుంది. కానీ ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టములో ఒక్కొక్క వెబ్ ఇంజను ఉంటుంది. కనుక బ్రౌజర్ల మధ్య తేడాలనే పాత సమస్య మరల ముందుకు వస్తుంది.

ప్రధాన ఇబ్బందులు

వేగము, తడబాటు

సెకనుకు 60 చిత్రాలు చూపాలంటే ఒక్కొక్క చిత్రానికి సుమారు 16.7 మిల్లీసెకన్ల సమయము మాత్రమే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో వాడుక పూర్తయిన మెమరీని తిరిగి సేకరించే పని ఇంజనుదే. దీనినే గార్బేజ్ కలెక్షన్ అంటారు. అది ఎప్పుడు జరగాలో నిర్ణయించుట నిర్మాత చేతిలో లేదు. ఆట మధ్యలో అది కొన్ని మిల్లీసెకన్లు తీసుకొన్నా ఒకటి రెండు చిత్రాలు జారిపోయి, తెర ఒక్కసారి తడబడినట్లు కనిపిస్తుంది. వ్యాసము చదివే పేజీలో దీనిని ఎవరూ గమనించరు. తూటాలు తప్పించుకొనే ఆటలో మాత్రము ఆటగాడి ప్రాణము పోతుంది. అందుచేత అనుభవజ్ఞులు కొత్త వస్తువులను సృష్టించకుండా పాతవాటినే మరల మరల వాడుకొనేటట్లు ఆటను వ్రాస్తారు. అనగా భాష ఇచ్చిన సౌకర్యమును వదులుకొని, మెమరీ లెక్కను తిరిగి తామే చూసుకొంటారు.

గ్రాఫిక్స్ విషయములోనూ మధ్యవర్తులు ఎక్కువ. విండోస్‌పై క్రోమియం వెబ్‌జీఎల్ ఆదేశాలను ఆంగిల్ అనే పొర ద్వారా డైరెక్ట్3డీ ఆదేశాలుగా మారుస్తుంది. దోషములున్నవని తెలిసిన గ్రాఫిక్స్ డ్రైవర్ల జాబితా ఒకటి క్రోమియంలో ఉంటుంది. కంప్యూటరులోని డ్రైవరు ఆ జాబితాలో ఉంటే గ్రాఫిక్స్ కార్డు పనిని ప్రాసెసరుకు అప్పగించవచ్చును. అప్పుడు మామూలు రెండు కొలతల ఆట కూడా నత్తనడక నడుస్తుంది. కారణము తెలియని కొనుగోలుదారుడు ఆటనే నిందిస్తాడు.

పరిమాణము

ఎలక్ట్రాన్‌తో కట్టిన ఖాళీ ప్రోగ్రాము కూడా వంద మెగాబైట్లకు పైబడి ఉంటుంది. ఆట అసలు బొమ్మలు, సంగీతము కలిపి పది మెగాబైట్లే అయినా ఈ బరువు తప్పదు. క్రోమియం ఒకే ఆటకు అనేక ప్రాసెస్‌లను నడుపుతుంది గనుక మెమరీ వాడకము కూడా హెచ్చు.

బ్రౌజరు విధానాల మార్పులు

బ్రౌజర్ల నిర్ణయాలు ప్రధానంగా వెబ్‌పేజీల భద్రతను, చదువరుల సౌకర్యమును దృష్టిలో ఉంచుకొని జరుగుతాయి. వాటి ప్రభావము ఆటలపై అనుకోకుండా పడుతుంది.

2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసరు లోపము బయటపడినప్పుడు బ్రౌజర్లన్నీ సమయాన్ని కొలిచే సాధనాల సూక్ష్మతను తగ్గించినవి. వివిధ త్రెడ్ల మధ్య మెమరీ పంచుకొనే సౌకర్యమును తాత్కాలికంగా నిలిపివేసినవి. అదే సంవత్సరము క్రోమ్ 66లో వాటంతట అవే మ్రోగే శబ్దాలను అడ్డుకొనే విధానము వచ్చినది. ప్రకటనల హోరును తగ్గించుట దీని ఉద్దేశ్యము. కానీ అంతకు ముందే ప్రచురితమైన ఎన్నో వెబ్ ఆటలు మూగవోయినవి. నిర్మాతల అభ్యంతరాల తరువాత గూగుల్ ఆ మార్పును ఆటలు వాడే శబ్ద సాధనము వరకు కొన్ని నెలలు వాయిదా వేసినది.

ఆటలో ఇమిడిన బ్రౌజరును మార్చకుండా ఉంచితే ఇటువంటి ఆకస్మిక మార్పులు రావు. అయితే అందులో తరువాత బయటపడిన భద్రతా లోపాలు అలాగే మిగిలిపోతాయి. మార్చితే ఆట ప్రవర్తన మారవచ్చును, పాత కంప్యూటర్లు దూరము కావచ్చును. క్రోమ్ 109 విండోస్ 7పై పనిచేసే చివరి రూపము. 2024 జనవరి 1 నుండి స్టీమ్ సంస్థ కూడా విండోస్ 7కు మద్దతు విరమించినది. తమ ప్రోగ్రాములో ఇమిడియున్న క్రోమ్ పాత విండోస్‌పై పనిచేయకపోవుటను ఆ సంస్థ ఒక ముఖ్య కారణముగా చూపినది. బ్రౌజరుపై ఆధారపడినవారు బ్రౌజరు దారినే నడవవలసి వస్తుందనుటకు ఇది పెద్ద స్థాయి నిదర్శనము.

ఆటల అంగళ్ళు, కన్సోళ్ళు

స్టీమ్‌లో అమ్మే ఆటకు విజయ చిహ్నాలు, క్లౌడ్‌లో దాచుకొనుట, ఆటపై తేలే స్టీమ్ తెర వంటివి ఉండాలని కొనుగోలుదారులు ఆశిస్తారు. ఆ సాధనాలు సీ++ భాష కొరకు తయారైనవి. జావాస్క్రిప్ట్‌కు వాటిని కలుపుటకు మూడవ పక్షము వారు వ్రాసిన వంతెనలు కావాలి. స్టీమ్ తెర ఆట గీసే చిత్రము మీదనే తన చిత్రాన్ని గీస్తుంది. క్రోమియంలో గీసే పని వేరొక ప్రాసెస్‌లో జరుగుతుంది. అందువలన ఆ తెర కనిపించాలంటే గ్రాఫిక్స్ పనిని ప్రధాన ప్రాసెస్‌లోనికి తెచ్చే ప్రత్యేక అమరికలు చేయవలసి ఉంటుంది.

కన్సోళ్ళ విషయము ఇంకా కఠినమైనది. జావాస్క్రిప్ట్ వేగమునకు మూలము, ఆట నడుస్తుండగానే దానిని యంత్ర సంకేతముగా మార్చే జిట్ పద్ధతి. కన్సోళ్ళు భద్రత దృష్ట్యా సాధారణంగా ఆటలకు ఈ అనుమతి ఇవ్వవు. జిట్ లేని జావాస్క్రిప్ట్ బాగా నెమ్మదిస్తుంది. కనుక "అన్నిచోట్లా ఆడించండి" అనే మాట కన్సోలు గుమ్మము వద్ద ఆగిపోతుంది.

ఉదాహరణలు

వాంపైర్ సర్వైవర్స్: లూకా గలాంతే రూపొందించిన ఈ ఆట 2021 డిసెంబరులో స్టీమ్‌లో ముందస్తు రూపముగా వచ్చినది. ఫేజర్ ఇంజనుతో తయారై, ఎలక్ట్రాన్‌లో ఇమిడిన ఆట ఇది. తెర నిండా వందలాది శత్రువులు ముసురుకొనుటే ఇందులోని ఆకర్షణ. ఆట చివరి నిమిషాలలో తెర మందగించుట ఆటగాళ్ళందరికీ అనుభవములోనిదే. ఈ ఆట 2023లో బాఫ్టా ఉత్తమ ఆట పురస్కారము గెలుచుకొన్నది. అదే సంవత్సరము ఆగస్టులో దీని స్టీమ్ రూపమును యూనిటీ ఇంజనుకు మార్చినారు. చిన్న ఆలోచనను తక్కువ ఖర్చుతో జనము ముందు పెట్టుటకు బ్రౌజరు ఇంజను ఎంత అనుకూలమో, విజయము తరువాత దానిని దాటి పోవలసిన అవసరము ఎలా వస్తుందో ఈ ఒక్క ఆటలో చూడవచ్చును.

క్రాస్‌కోడ్: జర్మనీకి చెందిన రాడికల్ ఫిష్ గేమ్స్ బృందము ఇంపాక్ట్ ఇంజనును తమకు తగినట్లు విస్తరించి ఈ ఆటను తయారుచేసినది. కంప్యూటర్లపై 2018 సెప్టెంబరులో పూర్తి రూపము విడుదలైనది. కన్సోళ్ళకు 2020 జూలైలో గానీ చేరలేదు.

ఒమోరి: ఆర్‌పీజీ మేకర్ ఎంవీతో తయారైన ఈ ఆట 2020 డిసెంబరులో కంప్యూటర్లకు, 2022 జూన్‌లో కన్సోళ్ళకు విడుదలైనది.

ఎడిటరు కూడా బ్రౌజరులో ఉన్నప్పుడు

2017లో వచ్చిన కన్‌స్ట్రక్ట్ 3లో ఆట మాత్రమే కాక, ఆటను తయారుచేసే సాధనము కూడా బ్రౌజరులోనే నడుస్తుంది. దానిని చందా పద్ధతిలో అమ్ముతున్నారు. ఒకసారి కొనుక్కొనే కన్‌స్ట్రక్ట్ 2 2021లో విరమించబడినది. చందా ముగిసిన తరువాత ఇదివరకు తయారైన ఆట నిర్మాత వద్దనే ఉంటుంది. అయితే ఉచిత పరిమితులకు మించిన ప్రాజెక్టును తిరిగి సవరించుట కుదరదు. విద్యార్థికి ఏ కంప్యూటరుపైనైనా పని మొదలుపెట్టే వీలు ఇందులోని మేలు. ఐదారేళ్ళ తరువాత పాత ఆటలోని ఒక తప్పును దిద్దాలనుకొనే నిర్మాతకు ఇదే చిక్కు.

అనుకూల వాదనలు

స్థానిక ప్రోగ్రాములను తయారుచేసే ఎగుమతి కావాలని కన్‌స్ట్రక్ట్ వాడుకరులు ఏళ్ళ తరబడి కోరినారు. స్కిర్రా సంస్థ దీనిని అంగీకరించలేదు. ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టముకు విడి ఇంజను వ్రాస్తే చిన్న సంస్థకు భారము పెరిగి, తేడాలు, దోషములు ఇంకా ఎక్కువవుతాయని ఆ సంస్థ వాదన. ఆటలలోని మందకొడితనానికి చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డుపై మోపిన అధిక భారమే కారణమని, స్థానిక ఇంజనులోనూ అది తప్పదని కూడా ఆ సంస్థ పేర్కొన్నది. ఈ వాదనలో నిజము లేకపోలేదు. ఒకే చోట నాలుగు పొరల పారదర్శక చిత్రాలు పేర్చిన ఆట ఏ భాషలో వ్రాసినా బరువుగానే ఉంటుంది.

సాంకేతికత కూడా నిలిచిపోలేదు. 2017 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో వెబ్‌అసెంబ్లీ వచ్చినది. దీని ద్వారా సీ++, రస్ట్ వంటి భాషలలో వ్రాసిన ఇంజన్లను బ్రౌజరులో నడపవచ్చును. ఆ భాషల ప్రోగ్రాములు మెమరీని స్వయముగా చూసుకొంటాయి గనుక పైన చెప్పిన తడబాటు చాలావరకు తగ్గుతుంది. 2023లో క్రోమ్‌లో ప్రవేశించిన వెబ్‌జీపీయూ ఆధునిక గ్రాఫిక్స్ కార్డుల శక్తిని వెబ్‌జీఎల్ కంటే మెరుగుగా అందిస్తుంది.

దీనితో మార్గము తలక్రిందులైనది. మునుపు వెబ్ కొరకు వ్రాసి డెస్క్‌టాపుకు తెచ్చేవారు. గోడో, యూనిటీ వంటి ఇంజన్లతో డెస్క్‌టాపు కొరకు వ్రాసి వెబ్‌కు ఎగుమతి చేయుట ఇప్పుడు సాధ్యము. అయితే స్థానిక ఇంజన్లను ఎంచుకొనుట వలన పరాధీనత పూర్తిగా తొలగదు. 2023 సెప్టెంబరులో యూనిటీ సంస్థ ఆటల స్థాపనల సంఖ్యను బట్టి రుసుము వసూలు చేస్తామని ప్రకటించి తీవ్ర నిరసన ఎదుర్కొన్నది. ఆ రుసుమును 2024 సెప్టెంబరులో రద్దుచేసినది.

తెలుగు లిపికి సంబంధించిన అంశము

బ్రౌజరు ఇంజన్లకు గల ఒక మేలు తెలుగువారికి ప్రత్యేకమైనది. "స్త్రీ", "రాష్ట్రము" వంటి పదాలలో అక్షరాలను వరుసగా పేర్చితే చాలదు. గుణింతాలు, వత్తులు కలిసి కొత్త ఆకారాలు ఏర్పడాలి. బ్రౌజర్లలో ఈ పనిని హార్ఫ్‌బజ్ వంటి సాఫ్టువేరు చేస్తుంది. కనుక కాన్వాస్‌పై వ్రాసిన తెలుగు వాక్యము సరిగానే కనిపిస్తుంది. అనేక స్థానిక ఇంజన్లు లాటిన్ లిపిని దృష్టిలో ఉంచుకొని తయారైనవి. వాటిలో వత్తులు విడిపోయి ప్రక్కన పడుట మామూలు. గోడో ఇంజనులో ఈ సౌకర్యము 2023 మార్చిలో వచ్చిన 4.0 రూపముతో గాని రాలేదు. తెలుగులో పదవినోదము, పద్యాల ఆట, బడిపిల్లల పాఠము వంటివి తయారుచేయదలచిన వారికి వేగము కంటే అక్షరము ముఖ్యము. అటువంటి ఆటలకు బ్రౌజరు ఇంజను నేటికీ సమంజసమైన ఎంపిక. అయితే అక్షరాలను ముందే బొమ్మలుగా కోసిపెట్టుకొనే బిట్‌మ్యాప్ ఫాంట్లను వాడితే ఈ మేలు దక్కదు.

పరిశీలన

పై విషయాలను బట్టి ఇంజను ఎంపికలో ఆట స్వభావమును, ఆయుష్షును ముందుగా ఆలోచించవలసి ఉన్నదని తెలుస్తుంది. పదాల ఆటలు, కథా ప్రధానమైన ఆటలు, నిదానంగా సాగే పజిళ్ళు బ్రౌజరు ఇంజన్లలో సుఖంగా నడుస్తాయి. కన్సోళ్ళకు చేర్చవలసిన ఆటకు, లేదా వేలాది వస్తువులు ఒక్కసారి కదిలే ఆటకు మొదటి రోజే ఈ పరిమితులను లెక్కవేసుకొనుట మంచిది. సగము పని పూర్తయిన తరువాత ఇంజను మార్చుట అనగా ఆటను రెండవసారి వ్రాయుటే. విజయవంతమైన ఆటకు ఆ ఖర్చు భరించే స్తోమత వస్తుంది, మిగిలినవాటికి రాదు.

ఆటల భద్రత విషయము కూడా గమనింపదగినది. ఫ్లాష్ నిలిచిపోయినప్పుడు ఒక తరము ఆటలు ఒక్కసారిగా ఆడుటకు వీలులేనివైనవి. ఫ్లాష్‌పాయింట్ అనే భాండాగారము, రఫుల్ అనే ఎమ్యులేటరు వంటి స్వచ్ఛంద ప్రయత్నాల వలన వాటిలో అనేకము నేడు మిగిలియున్నవి. హెచ్‌టీఎంఎల్5 బహిరంగ ప్రమాణము గనుక అంతటి ప్రమాదము లేదు. అయినను ప్రమాణము బహిరంగమైనంత మాత్రాన ఆట దానంతట అది నిలబడదు. తయారైన ఫైళ్ళను, మూల ప్రాజెక్టును, వాడిన ఇంజను రూపమును కలిపి భద్రపరచుకొన్న నిర్మాతే పదేళ్ళ తరువాత తన ఆటను తిరిగి నడిపించగలడు.

ఇవి కూడా చూడండి

వెబ్‌అసెంబ్లీ
జావాస్క్రిప్ట్
అడోబ్ ఫ్లాష్
వీడియో గేమ్
యూనికోడ్

వర్గాలు: కంప్యూటరు ఆటలు, సాఫ్టువేరు, అంతర్జాలము