ఏ కిటికీ మూయాలి, ఏది తెరవాలి?



పాత కిటికీల సందులు మూస్తే కరెంటు బిల్లు తగ్గుతుందని మన బాబుపేట్‌లో అనుకుంటున్నారు. నిజమే, కానీ అన్ని గదులకూ కాదు. రైల్లో చూడండి: ఏసీ బోగీ అద్దాలు బిగించే ఉంటాయి, స్లీపర్ కిటికీలు తెరుచుకుంటాయి. ఇల్లూ అంతే.

ఏసీ గదిలో చల్లగాలి సందుల్లోంచి పోతే మిషన్ ఆగకుండా నడుస్తుంది. అక్కడ చెక్క రెక్కలకు ఫోమ్ టేపు అంటించండి, తలుపు కింద పాత చీర చుట్టి పెట్టండి. 24 డిగ్రీలు చాలు.

మనలో చాలామందికి ఉన్నది కూలరే. అది తడి గడ్డి మీదుగా గాలిని లాగుతుంది, చల్లదనంతో పాటు తేమనూ తెస్తుంది. ఆ గాలికి బయటికి దారి లేకపోతే గదంతా ఉక్కే. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్ళో పెద్దవాళ్ళకు అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎదుటి కిటికీ కొంచెం తీసే ఉంచాలి.

చలికాలంలో బొగ్గుల కుంపటి పెట్టే గదిని అసలు మూయొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కాబట్టి నా మాట ఇది: అందరికీ ఒకేలా టేపు కొనే ముందు ఇల్లిల్లూ తిరిగి, ఏ గదికి ఏది కావాలో రాసుకుందాం. మన ఊరి థర్మల్ స్టేషన్ 2,920 మెగావాట్లది. కరెంటు ఆదా అంటే బొగ్గు ఆదా. కానీ మనిషికి గాలి ఆడకుండా చేసేది ఆదా కాదు.