పాత పికప్, కొత్త ఇంజన్, దొరకని ఆర్‌సీ

సూళ్లూరుపేట మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే పికప్‌లలో రెండు జాతులు కనిపిస్తాయి. పులికాట్ చేపల పెట్టెలు, వడ్ల బస్తాలు, పెళ్లి షామియానాలు మోసుకుపోయే బొలెరోలూ టాటా ఏస్‌లూ ఒక జాతి. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌లది మరో జాతి. వీటిని తయారుచేసే కర్మాగారం దగ్గర్లోనే, తడ పక్కన శ్రీసిటీలో ఉంది. 2016 ఏప్రిల్ 27న అది మొదలైనప్పుడు ప్రకటించిన సామర్థ్యం ఏడాదికి 50 వేల బళ్లు. వెనక తొట్టి ఉన్నా వీ-క్రాస్‌ను కంపెనీ అమ్మేది బస్తాలు మోయడానికి కాదు, షికారుకు.

అదే షోకు పాత పికప్ మీద చూపిస్తే మాత్రం వ్యవహారం మారిపోతుంది. ఏ షెడ్డులోనో మూలన పడ్డ 1960ల నాటి జీపు ట్రక్కునో, తొలినాళ్ల టాటా మొబైల్ 206నో తెచ్చి, వేరే ఇంజన్ ఎక్కించి, క్యాబిన్ పైకప్పు కోసి పొట్టి చేసి, కొత్త బ్రేకులు పెట్టి రోడ్డెక్కిస్తే యజమాని నేరస్థుడవుతాడు. పని ఎంత పద్ధతిగా చేశారో చూసి చెప్పే అధికారి లేడు. చూడాలని చెప్పే నిబంధన కూడా లేదు. అసలు లోపం అక్కడే ఉంది.

ఇలా తిరగగట్టిన బళ్లను అమెరికాలో హాట్ రాడ్‌లు అంటారు. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు చౌకగా దొరికే పాత ఫోర్డ్‌లను విప్పి, అక్కర్లేని బరువంతా పీకేసి, మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగెత్తించేవారు. 1932లో ఫోర్డ్ కంపెనీ మధ్యతరగతికి అందే ధరలో 3.6 లీటర్ల వీ8 ఇంజన్ తెచ్చింది. 65 హార్స్‌పవర్ అంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో ఆ కుర్రాళ్ల పిచ్చికి అది ఆజ్యం పోసింది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రిక మొదలుపెట్టాడు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. పార్క్స్ చేసిన పని మన రవాణా శాఖ వాళ్లు చదవాల్సినది. వీధుల్లో పందేలు కాస్తున్న కుర్రాళ్లను అతను పోలీసులకు వదిలేయలేదు. వాళ్లను విడిగా కేటాయించిన ట్రాక్‌ల మీదికి రప్పించాడు. పరుగుకు ముందు ప్రతి బండినీ తనిఖీ చేయించాడు, లోపం ఉన్నదాన్ని వెనక్కి పంపించాడు.

ఆ ఉత్సాహం పికప్‌ల మీదికి మళ్లడం సహజమే. 1925లో ఫోర్డ్ తన మోడల్ టీకి కర్మాగారంలోనే తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. యుద్ధం ముగిశాక 1947లో షెవ్రొలే కొత్త వరస, 1948లో ఫోర్డ్ ఎఫ్-1 వచ్చాయి. గుండ్రటి మడ్‌గార్డులు, మందమైన రేకు, పెద్ద బానెట్. రైతుల దగ్గర అరిగిపోయాక ఇవి తక్కువ ధరకు దొరికేవి. ఇప్పుడు అవే హాట్ రాడ్ ప్రదర్శనల్లో ముందు వరసలో ఉంటున్నాయి.

పికప్‌ను మార్చడం ఒక రకంగా కారును మార్చడం కంటే తేలిక. నిచ్చెన లాంటి ఛాసిస్ మీద క్యాబిన్ ఒక ముక్క, తొట్టి ఒక ముక్క, బోల్టులు విప్పితే దేనికది విడిగా వస్తుంది. ఇంజన్ చుట్టూ చెయ్యి ఆడటానికి చోటుంటుంది. అసలు చిక్కు వెనక భాగంతో. ఖాళీ పికప్‌కు వెనక బరువు ఉండదు. ఇంజన్ బలం పెంచి, గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది. అందుకే వెనక చక్రాలకు వెళ్లే బ్రేకు ఒత్తిడిని తగ్గించే వాల్వు పెట్టాలి. పాత బళ్లలో బ్రేకు ఆయిల్‌కు ఒకటే దారి. ఒక పైపు కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు దారులుండే మాస్టర్ సిలిండర్ వేయడం ఏ మంచి మేస్త్రీ అయినా మొదట చేసే పని. పాత స్టీరింగ్ రాడ్ నిటారు ఇనుప కడ్డీ, ఎదురుగా ఢీకొంటే డ్రైవరు గుండెల్లోకి వస్తుంది. ఒత్తిడికి ముడుచుకుపోయే కొత్త కాలమ్‌తో దాన్ని మార్చాలి.

ఛాసిస్ పని ఇంకా సున్నితం. పాత పికప్‌ల ఛాసిస్ పట్టీలు ఒకపక్క తెరిచి ఉంటాయి, రివెట్లతో బిగించి ఉంటాయి. కొత్త ఇంజన్ మెలిపెట్టే బలానికి అవి వంగిపోకుండా తెరిచిన పక్కన ఇనుప పలక వేసి పెట్టెలా మూస్తారు. వెల్డింగ్ ఒక చివర నుంచి మరో చివరకు ఏకబిగిన లాగితే వేడికి పట్టీ వంకరపోతుంది. అక్కడింత, ఇక్కడింత అతుక్కుంటూ, చల్లారనిస్తూ రావాలి. బండిని కిందికి దించాలంటే వెనక యాక్సిల్ ఛాసిస్‌కు తగలకుండా పట్టీలో అర్ధచంద్రాకారంగా కోసి, ఆ కోత చుట్టూ మళ్లీ బలం కట్టాలి. కమాన్ పట్టీలు నాలుగు తీసేసి ‘దించాం’ అనుకునే పద్ధతీ ఒకటుంది. గుంతలో పడ్డప్పుడు దాని సంగతి తెలుస్తుంది. ఇక పులికాట్ వైపు ఉప్పు గాలి తగిలిన పాత బండి అయితే క్యాబిన్ కింది మూలలు, తలుపుల అడుగులు, ఛాసిస్ లోపలి అంచులు ముందుగా తుప్పు పడతాయి. పుట్టీ పూసి పెయింట్ కొడితే అవి కొంతకాలం కనపడవు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. సీఎన్‌జీ లాంటి కిట్లకు, అనుమతితో అదే కంపెనీ అదే రకం ఇంజన్ వేసుకోవడానికి మాత్రం వెసులుబాటుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కె.జయచంద్ర కేసులో ఇదే గీతను గట్టిగా గీసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182ఎ సెక్షన్ తెచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. క్యాబిన్ కోత, ఛాసిస్ కోత, వేరే కంపెనీ ఇంజన్ నిస్సందేహంగా ఆ గీతకు అవతలివే. బ్రేకులు, స్టీరింగ్ కాలమ్ మార్చి బండిని మరింత భద్రంగా చేసినవాడి సంగతి ఏమిటి? అది ఎదురుగా నిలబడ్డ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చదువుకునే తీరును బట్టి ఉంటుంది.

పోనీ పాత బండి కదా, వింటేజ్ కింద రిజిస్టరు చేయించుకోవచ్చా? 2021లో కేంద్రం అందుకు విడిగా నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు. షరతులు రెండు: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మూలరూపంలో ఉండాలి. పైగా వాణిజ్యం కాని సొంత వాడకపు బళ్లకే ఇది వర్తిస్తుంది కనుక, సరుకు బండిగా పుట్టిన పికప్‌కు గుమ్మంలోనే అడ్డు పడుతుంది. జహీరాబాద్‌లో 1980లలో తయారైన ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులు మన తెలుగు నేల సొంత మోటారు చరిత్ర. సరుకు బండి అన్న అడ్డు లేదనుకున్నా, వాటికి 50 ఏళ్లు నిండాలంటే 2030లు రావాలి. అప్పటిదాకా ఇవి తుక్కు ధర పలికే సరుకే.

చిత్రమేమిటంటే, వింత వాహనాలంటే తెలుగువాళ్లకు తగని మోజు. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో బ్యాట్, బూటు, వంకాయ ఆకారాల్లో కార్లున్నాయి. వాటిని కట్టిన సుధాకర్ 2005 జులై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్‌కెక్కారు. ఆయన బళ్లు చూడటానికి టికెట్ కొని పిల్లల్ని తీసుకెళతాం. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ సినిమా కోసం కట్టిన బుజ్జి అనే బండి సంగతి సరేసరి. ఆరు టన్నుల బరువు, ముందు రెండు, వెనక ఒకటి చక్రాలు, 47 కిలోవాట్ అవర్ బ్యాటరీ. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయేమ్ సంస్థ కలిసి కట్టిన దాన్ని రామోజీ ఫిల్మ్ సిటీలో ఆవిష్కరించినప్పుడు జనం కేరింతలు కొట్టారు. సినిమా డబ్బుంటే ముచ్చట, ఆటోనగర్ కుర్రాడు కడితే చలానా.

కంపెనీలు చేసే పని చూసినా అంతే. 1988లో టాటా వాళ్లు 206 పికప్ తెచ్చారు. అదే ఛాసిస్ ఆధారంగా 1991లో మూడు తలుపుల సియెర్రా కట్టారు. సరుకు బండి పునాది మీద షోకు బండి లేపడం అంటే హాట్ రాడ్ కట్టేవాడి ఆలోచనే. తేడా అల్లా దానికి పరీక్ష రాసే దారి కంపెనీకి ఉంది, విడి మనిషికి లేదు.

చేతి పనికి మన దగ్గర కొరత లేదు. లారీ కంపెనీలు చాలాకాలం వట్టి ఛాసిస్ అమ్మేవి. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు తాత్కాలిక సీటు మీద కూర్చుని వందల కిలోమీటర్లు ఎండలో తోలుకొచ్చి బాడీ షెడ్డులో అప్పగిస్తే, విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు క్యాబినూ తొట్టీ కట్టి, రంగులు వేసి, దిష్టి బొమ్మ కూడా రాసి పంపేవారు. తర్వాత లారీ క్యాబిన్లకు ఏఐఎస్-093, బస్సు బాడీలకు ఏఐఎస్-052 ప్రమాణాలు వచ్చాయి. షెడ్లు గొణుక్కున్నాయి, కొన్ని మూతపడ్డాయి, మిగిలినవి కొలతల ప్రకారం కట్టడం నేర్చుకున్నాయి. చేతితో కట్టిన వాహనాన్ని ప్రమాణాల్లోకి తేవడం ప్రభుత్వానికి కొత్త విద్య కాదన్నమాట. ఇంజన్ మార్పిడి కూడా పూర్తిగా నిషిద్ధం కాదు. 2016 నుంచి పాత కార్లకు ఎలక్ట్రిక్ కిట్ బిగించడానికి నిబంధనలున్నాయి. హైదరాబాద్‌కు చెందిన ఈ-ట్రయో పాత మారుతీలను మార్చే కిట్‌కు వాహన పరీక్షా సంస్థ ఏఆర్‌ఏఐ అనుమతి తెచ్చుకుంది. కాకపోతే ఆ దారి ఒకే మోడల్‌కు వందల కిట్లు అమ్మేవాళ్ల కోసం వేసింది. ఒక్క బండి కట్టేవాడికి ఆ పరీక్షల ఖర్చే బండి ధరను మించిపోతుంది.

అభ్యంతరం చెప్పేవాళ్ల మాటలో పస ఉంది. సైలెన్సర్ కోసి ఊరంతా దద్దరిల్లేలా తిరిగే బుల్లెట్లను, ఎదుటివాడి కళ్లు పోగొట్టే లైట్లను, పరిమితి మించి తొట్టి ఎత్తు పెంచిన టిప్పర్లను చూస్తూ ‘మార్పులకు తలుపు తెరవండి’ అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. చెన్నై-కోల్‌కతా రహదారి మీద ప్రమాదాల సంగతి సూళ్లూరుపేట వాళ్లకు చెప్పక్కర్లేదు. దొంగ బళ్లకు కొత్త ముఖం తొడగడానికి ఇదో సాకవుతుందన్న భయమూ నిజమే. అయితే ఇప్పటి నిషేధం ఆ బుల్లెట్లను ఆపిందా? అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల దొంగచాటు పని పెరిగింది, మంచి మేస్త్రీకి తన పని చూపించుకునే వేదిక లేకుండా పోయింది. పైగా చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే బీమా కంపెనీ సొంత నష్టం క్లెయిమును తోసిపుచ్చవచ్చు. కనుక ఎవరూ చెప్పరు.

బ్రిటన్‌లో విడి వాహనానికి విడిగా పరీక్ష పెట్టి అనుమతిచ్చే ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ ఉంది. జర్మనీలో టీయూవీ ఇంజనీర్లు మార్పులను పరిశీలించి నమోదు చేసుకోవడానికి పత్రమిస్తారు. ఆస్ట్రేలియాలో హాట్ రాడ్‌లకే ప్రత్యేక మార్గదర్శకాలున్నాయి. సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోటకు వెళ్లే రాకెట్ల విషయంలో మనమూ ఇదే చేస్తాం. ఎన్నోసారి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ అయినా సరే, మిషన్ రెడీనెస్ రివ్యూ జరిగి, లాంచ్ ఆథరైజేషన్ బోర్డు ఒప్పుకుంటేనే కదులుతుంది.

వాహనాలు ఉమ్మడి జాబితాలోని అంశం. రాష్ట్రం చొరవ తీసుకుని ప్రయోగాత్మకంగా ఒక విభాగం పెట్టమని కేంద్రాన్ని అడగవచ్చు. షరతులు కఠినంగానే ఉండనీ. కోత మొదలుపెట్టే ముందే ఛాసిస్ నంబరు, పాత ఆర్‌సీ, ఇంజన్ కొన్న బిల్లు చూపించాలి. వెల్డింగ్‌ను పెయింట్ పడక ముందే ఇంజనీరు చూడాలి, పుట్టీ కింద ఏముందో తెలుసుకోవడానికి వేరే దారి లేదు. పొగ విషయంలో పాత బండి వయసును కాక, ఎక్కించిన ఇంజన్ వయసును లెక్కలోకి తీసుకోవాలి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అన్న పరిమితి పెట్టినా, వీఏ లాగే నంబరు ప్లేటుకు విడి అక్షరాలిచ్చినా కట్టేవాళ్లు ఒప్పుకుంటారు. బ్రేకులు, స్టీరింగ్ పరీక్షకు కొత్త భవనాలు కూడా అక్కర్లేదు. చెన్నై పక్కన ఒరగడంలో గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ ఉంది. సూళ్లూరుపేట షెడ్డులో కట్టిన పికప్‌ను ట్రక్కు మీద ఎక్కిస్తే పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికల్లా అక్కడ దించవచ్చు. ప్రస్తుతానికి దాన్ని అక్కడ లోపలికి తీసుకుని పరీక్షించమని చెప్పే దరఖాస్తు ఫారమే లేదు.