ఏనుగును పటమున బట్టుట

చిత్తూరుసీమ స్త్రీలకు ఏనుగు క్రొత్తది కాదు. గజేంద్రుని మొఱ వినని యిల్లు లేదు. తిరుమల బ్రహ్మోత్సవములలో ఆఱవనాటి రాత్రి గజవాహనమును జూచి చేతులు మోడ్పని వారును అరుదు. కాని అడవియేనుగు చెవి యంచున చిరుగు కుడివైపున నున్నదా, యెడమవైపున నున్నదా యని చూచిన వారెందరు? ఈ మాసమున మేము వ్రాయదలచినది ఆ చెవిచిరుగును గూర్చియే.

ఆఫ్రికాఖండమున ఏనుగులను, సింహములను ఫోటోలు దీయుటకై సఫారి యను పేర లోకులు ధనము వెచ్చించి పోవుచున్నారు. ఈ వేడుకకు దారి చూపినవారిలో నొక యిల్లాలు గలదని సోదరీమణు లెఱుగుదురా? 1920వ దశకమున ఓసా జాన్సను అను అమెరికా వనిత తన భర్త మార్టినుతో గూడ కెన్యాలో మార్సబిట్ కొండమీది సరస్సు చెంత నేండ్ల తరబడి కాపురముండెను. మృగము మీదికి వచ్చుచుండగా భర్త చలనచిత్రయంత్రమును ద్రిప్పుచుండెడివాడు. ఆమె తుపాకి గురిపెట్టి ప్రక్కన నిలిచి యుండెడిది. ఆ ధైర్యమును మెచ్చకుండుట మా తరము గాదు. అయినను అంత చేరువకు బోయి దీసిన పటమునకు వెల యెవరు చెల్లించిరి? తుపాకి పేలినపుడెల్ల మృగమే చెల్లించెను.

1972లో అదే కెన్యాలో అంబోసెలి యను బయలుసీమకు సింథియా మాస్ అను మఱియొక అమెరికా స్త్రీ వచ్చి వేఱుదారి ద్రొక్కెను. ఆమె బండిలో గూర్చుండి, ఓపికతో నొక్కొక్క యేనుగు చెవులను ఫోటో దీయించి దాచెను. చెవి యంచుల చిరుగులు, రంధ్రములు, నరముల తీరు మన వ్రేలిముద్రలవలె ఏ రెండేనుగులకును ఒక్కటిగా నుండవు. ఆ పటముల యాధారమున ఏనుగులకు పేర్లు పెట్టి, తల్లులను, బిడ్డలను, అక్కచెల్లెండ్రను పోల్చుకొని, దశాబ్దములపాటు వంశచరిత్ర వ్రాసిరి. మందకు పెద్ద మగయేనుగు గాదు, వయసు మీరిన యాడుయేనుగు. కఱవు వచ్చినపుడు దూరపు నీటితావును జ్ఞప్తి యుంచుకొని అందఱను నడిపించునది ఆ పెద్దమ్మయే. ఎకో యను నట్టి పెద్దమ్మ 2009లో మరణించువఱకు దాని కుటుంబపు మంచిచెడ్డ లన్నియు గ్రంథస్థమైనవి. ఇది చదివి మావారు "మన యిండ్లలోను అంతేగదా" యని నవ్విరి. మేము మారు పలుకలేదు.

ఇక మన జిల్లా. సుమారు రెండువందల యేండ్లు ఇచ్చట అడవియేనుగు లేదు. 1980వ దశకమున తమిళనాడు, కర్ణాటక యడవులనుండి మందలు బయలుదేఱి కుప్పము, పలమనేరు ప్రాంతములకు వచ్చి నిలిచినవి. 1990లో ప్రభుత్వమువారు సుమారు 358 చదరపు కిలోమీటర్ల యడవిని కౌండిన్య అభయారణ్యముగా బ్రకటించిరి. అంబోసెలి బయలు, ఇచ్చట గుట్టలు, వెదురుపొదలు, ముండ్లకంపలు. ఏనుగు నిండుగా కంటబడునది అడవి యంచున చెరకు, అరటి, రాగి పొలములలోనే, అదియు జీకటి పడిన పిదప. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

మా పినతల్లి కుమార్తె పలమనేరు చెంత నొక పల్లెలో మెట్టినది. ఏనుగులు దిగినవను మాట పుట్టినంతనే పట్టణపు బాలురు మోటారుసైకిళ్లమీద వచ్చి, సెల్‌ఫోనుల దీపములు వెలిగించి, కేకలు వేయుచు పటములు దీయుదురట. "అక్కయ్యా, చెరకు పోతే మళ్లీ వేసుకుంటాం. ఈ పిల్లకాయలు దాన్ని రేపెట్టి ఇంటికి పోతారు. తెల్లార్లూ మంచెమీద ఉండేది మా ఆయన గదా!" అని ఆమె మాతో ననెను. ఆ మాట విన్ననాటినుండి అట్టి పటము లెవరు చూపినను మాకు ఏనుగు కనబడదు, ఆ మంచెయే కనబడును.

ఏనుగునకు చూపు మందము; వాసన, వినికిడి మిక్కిలి తీక్ష్ణములు. చెవులు విప్పార్చి తల యెత్తి నిలిచినదనిన, మన యునికి దానికి దెలిసినదనియే యర్థము. అప్పుడు ఫోటో యత్నము మాని వెనుకకు దిరుగవలెను. గున్న వెంటనున్న తల్లి చెంతకు అసలే పోరాదు. రాత్రి ఫ్లాషు వెలుగు కూడదు. ఏనుగు నిలిచిన తావు పేరు వ్రాసి పటమును నలుగురికి పంపుటయు మంచిది కాదు. మఱునాడు అచ్చటికి జాతర బయలుదేఱును. పలమనేరు మార్గమున రాత్రి ప్రయాణము చేయువారు బండి వేగము తగ్గించిన జాలు. 2023 జూనులో భూతలబండ కడ బాట దాటుచున్న మూడేనుగులు వాహనము తాకి మరణించినవి.

మనిషి దగ్గఱకు బోకయే పటము దీయు నుపాయము పాతదే. 1920వ దశకమున ఛాంపియను అను అటవీశాఖ యుద్యోగి ఉత్తరదేశపు టడవులలో త్రోవకడ్డముగా తీగ గట్టి, పులి దానిని తాకినపుడు తన పటమును తానే తీసికొనునట్లు చేసెను. నేటి కెమెరాలు తీగ లేకయే దేహపు వేడిమిని, కదలికను గ్రహించును. 2023లో అలిపిరి కాలిబాటను చిఱుతపులి యొక బాలికను పొట్టనబెట్టుకొనిన పిదప అటవీశాఖవారు బాట వెంబడి చెట్లకు గట్టినవి యిట్టివే.

మా చెల్లెలి సెల్‌ఫోనులో ఏనుగు పటము లేదు. ఏనుగులు వచ్చిపోయిన రాత్రి తెల్లవాఱిన పిదప పొలమునకు బోయి, తడిమంటిలో దిగిన ముందరికాలి యడుగుప్రక్కన కొడవలి నుంచి ఫోటో దీసినది. నష్టము జూడ వచ్చిన యుద్యోగికి దానినే చూపినదట. ముందరిపాదపు చుట్టుకొలతకు రెండింతలు ఏనుగు భుజమువఱకు నెత్తు. మావటివారికి చిరకాలముగా దెలిసిన లెక్క యిది. ఆమె యడుగుజాడ చుట్టును దారము వేసి కొలువగా మూడడుగుల పదియంగుళములు వచ్చెను. అనగా ఏడడుగుల యెనిమిదంగుళముల యేనుగు. దాని ప్రక్కనే గున్న యడుగులు. అవి మా పప్పుగిన్నె మూతకు మించవు.