పరుగుకు చోటే కాదు.. వేళా ముఖ్యమే!

పెనుగొండ: కానిస్టేబుల్‌ కొలువు ఆశించే గ్రామీణ యువతకు పుస్తకంతో పాటు పరుగూ పరీక్షే. రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్‌ పోస్టుల భర్తీకి 2022 నవంబరులో ప్రకటన వెలువడగా, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో గాని ఆరంభం కాలేదు. 1,600 మీటర్ల దూరాన్ని పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలన్నది నిబంధన. అంటే అభ్యర్థులు రెండేళ్లకు పైగా కాళ్లలో సత్తువ నిలుపుకోవాల్సి వచ్చింది. ఈ సాధనకు అనువైన చోటు ఎక్కడన్నదే అసలు సమస్య. చదువుకో, శిక్షణకో డెల్టా నుంచి విశాఖపట్నం చేరిన వారికి ఇది మరో రూపంలో ఎదురవుతోంది.

ఎత్తుపల్లాలతో చిక్కు

పెనుగొండ పరిసరాల్లో నేలంతా బల్లపరుపు. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే విశాఖలో అలా కాదు. పెదవాల్తేరు నుంచి తీరానికి దిగే రోడ్డులో పరుగు సులువుగా సాగినా తిరుగుదారిలో ఎగువకు ఊపిరి అందదు. పల్లంలో తీసిన సమయాన్ని నమ్ముకుంటే సమతల మైదానంలో జరిగే పరీక్షలో నిరాశ తప్పదు. పైగా వేగంగా కిందికి దిగేటప్పుడు మోకాళ్లపై భారం అధికమవుతుంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల చెమట త్వరగా ఆరక అలసట ముందే ఆవహిస్తుంది.

ఏ చోటు దేనికి?

నగరంలో సమతలంగా సాగే దారుల్లో బీచ్‌రోడ్డుదే అగ్రస్థానం. ఇసుకలో పరుగు పిక్కలకు బలమిచ్చినా, తీరం ఒకవైపు వాలి ఉండటంతో ఒక కాలిపైనే ఒత్తిడి పడుతుంది. కాబట్టి పోయిన దారిలోనే తిరిగి రావడం మేలు. కైలాసగిరి ఘాట్‌రోడ్డు, వెయ్యికి పైగా ఉన్న సింహాచలం మెట్లు దమ్ము పెంచుకోవడానికి ఉపకరిస్తాయి. అయితే వారానికి ఒకటి రెండు రోజులకు మించితే కొత్తవారికి గాయాలే మిగులుతాయి. కంబాలకొండ అభయారణ్యంలో అటవీశాఖ అనుమతించిన వేళలను, దారులను దాటరాదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు పరిరక్షించుకోవాల్సిన భౌగోళిక వారసత్వం, పరుగుల మైదానం కాదు. కాలం లెక్క చూసుకోవడానికి మాత్రం 400 మీటర్ల ట్రాక్‌పై నాలుగు చుట్లకు మించిన కొలబద్ద లేదు.

గట్టు ఉన్నా గంట లేదు

ఇక్కడ గమనించాల్సిన అంశం ఒకటుంది. బీచ్‌రోడ్డు కూడా మామూలు తారురోడ్డే. ఉదయపు వేళ కొంతసేపు అక్కడ వాహనాలను నిలిపివేయడం వల్లే అది నడిచేవారికి, పరుగెత్తేవారికి నెలవైంది. కొండలు, సముద్రం ప్రకృతి ఇచ్చినవి. ఆ కాస్త సమయం మాత్రం మనుషులు కేటాయించినది.

డెల్టాలో స్థలానికి కొదవ లేదు. సిద్ధాంతం వద్ద వశిష్ఠ గోదావరి ఏటిగట్టు ఉంది, పంటకాలువల గట్లున్నాయి. లేనిది వెలుతురు, భద్రత. తెల్లవారకముందే గట్టుపై ఒంటరిగా పరుగెత్తడానికి ఆడపిల్లలు జంకుతారు. వానాకాలంలో పల్లపు మైదానాలు బురదగుంటలవుతాయి. అలాగని జాతీయ రహదారి అంచును ఆశ్రయించడం ప్రాణాలతో చెలగాటమే.

కోట్లు వెచ్చించి స్టేడియం కట్టే వరకు ఆగనక్కర్లేదు. ఏటిగట్టుపై కొంత దూరం ఎంచుకుని ఉదయం ఒక గంట వాహనాలను మళ్లించడం, నాలుగు దీపాలు వేయడం, పాఠశాల మైదానాలను మెరక చేయడం స్థానిక సంస్థలు, పోలీసులు కలిసి చేయగల పనులే. ఊరి పిల్లలకు పోటీలో నెగ్గే సత్తా ఉంది. వారికి కావాల్సింది నిర్భయంగా పరుగెత్తే ఒక్క గంట.