తలుపు మూసినా గడియ పడలేదు

ఇంటర్నెట్‌కు ముఖద్వారమైన బ్రౌజర్లలో భద్రతా లోపాలు బయటపడడం కొత్త విషయమేమీ కాదు. లోపాన్ని సరిదిద్దిన తరువాత కూడా ప్రమాదం తొలగిపోకపోవడమే అసలు సమస్య. 2022 ఆగస్టు నాటి క్రోమ్ ఉదంతం ఇందుకు నిదర్శనం.

ఆ ఏడాది జూలై 19న గూగుల్ సంస్థకే చెందిన ముప్పు విశ్లేషణ విభాగం పరిశోధకులు క్రోమ్‌లోని 'ఇంటెంట్స్' భాగంలో లోపం ఉన్నట్లు తెలియజేశారు. వెబ్ పేజీలో లింకు నొక్కగానే మరో యాప్ తెరుచుకునే ఏర్పాటు ఇది. మొబైల్ ఫోనులో వస్తువు కొని చెల్లింపు మీట నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకోవడం ఈ కోవలోనిదే. పేజీ నుంచి వచ్చే ఆదేశం సక్రమమైనదో కాదో బ్రౌజర్ ముందుగా పరీక్షించాలి. ఆ పరీక్ష చాలినంతగా లేకపోవడమే సీవీఈ-2022-2856గా నమోదైన ఈ లోపానికి మూలం.

సవరణ ఆగస్టు 16న విడుదలైంది. లోపాన్ని ఆసరా చేసుకొనే దాడి సాధనం అప్పటికే చలామణిలో ఉన్న సంగతి తమకు తెలుసునని గూగుల్ అంగీకరించింది. మూడు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 2న, 'మోజో' అనే మరో భాగంలో ఇటువంటి తనిఖీ లోపానికే మరో అత్యవసర సవరణ చేయవలసి వచ్చింది. సవరణకు ముందే దుర్వినియోగమైన క్రోమ్ లోపాలు ఆ ఏడాది మొత్తం 9 కావడం గమనార్హం.

సవరణ విడుదలైనంత మాత్రాన రక్షణ లభించదు. క్రోమ్ కొత్త వెర్షన్‌ను తనంతట తానే తెచ్చుకున్నా, బ్రౌజర్‌ను మూసి తిరిగి తెరిచేవరకు అది అమలులోకి రాదు. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం ప్రోగ్రాం బహిరంగంగా లభించేది కనుక, పాత కొత్త రూపాలను పోల్చి లోపం ఎక్కడుందో పసిగట్టే అవకాశం దుండగులకు ఉంటుంది. అదే పునాదిపై నిర్మించిన ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్‌లు సైతం విడివిడిగా సవరణలు అందించవలసిందే.

క్రోమ్ లోపాలపై కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఎప్పటికప్పుడు హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంది. సైబర్ దాడి జరిగిన సంగతిని 6 గంటలలోగా తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది కూడా. అయితే దాడి జరగకముందు చేయవలసిన సవరణకు ఆ ఆదేశాలలో గడువేదీ లేదు. కాలు జారిన తరువాత కబురు చెప్పమన్నారే గాని, మెట్టు బాగుచేయడానికి వేళ నిర్ణయించలేదు.

సొంత ఫోను ఉన్నవారు తమ జాగ్రత్త తాము పడగలరు. నెట్ సెంటర్‌లోనో, ప్రభుత్వ కార్యాలయంలోనో ఆధార్, బ్యాంకు వివరాలు అందించే సామాన్యుడికి ఎదుటి కంప్యూటర్‌పై ఎటువంటి అదుపూ ఉండదు. అక్కడి బ్రౌజర్‌ను ఎవరు, ఎన్ని రోజులలో సరిదిద్దాలో స్పష్టంగా నిర్దేశించి, అమలును తనిఖీ చేయాలి. అంతవరకు హెచ్చరికల వల్ల ఒనగూడే ప్రయోజనం పరిమితమే.