కార్డు అడిగితే షౌక్ అన్నాను

పోయిన సంవత్సరం బక్రీద్ వెళ్లిన వారానికి మా అమ్మాయి నా దగ్గరికొచ్చి, "అబ్బా, లాప్‌టాప్‌కి బయట నుంచి గ్రాఫిక్స్ కార్డు తగిలించుకోవాలి. ఇప్పిస్తారా?" అంది. నేను పేపర్లోంచి తలెత్తకుండానే, "గేముల షౌక్ ఇప్పుడు నీకూ పట్టిందా బేటా?" అన్నాను. పిల్ల మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.

వంటింట్లోంచి మా బేగం ఊరుకోలేదు. "కొడుకు బైక్ అడిగిన రోజు ఇన్ని సవాల్ జవాబులు నడిచాయా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కొడుక్కి బైక్ జరూరత్ అనుకున్నాను, కూతురికి కార్డు షౌక్ అనుకున్నాను. రెండూ నేను అనుకున్నవే. అడిగి తెలుసుకున్నది ఒక్కటీ లేదు. అందుకే ఆ రాత్రి పక్కన కూర్చుని అడిగాను.

మా అమ్మాయి డిగ్రీ చదువుతూ బ్లెండర్ నేర్చుకుంది. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ అది. లాడ్‌బజార్‌లో లక్క గాజుల వ్యాపారి ఒకాయనకి, గాజు తయారు కాకముందే దాని బొమ్మ కంప్యూటర్లో చేసి ఇస్తోంది. గాజు మీద పొదిగిన ఒక్కో రాయి మీద వెలుతురు ఎలా పడి ఎలా తిరిగొస్తుందో మెషీన్ లెక్కగట్టాలి. లాప్‌టాప్‌లోని ప్రాసెసర్ ఒక్కటే ఆ మెహనత్ అంతా చేస్తోంది. ఒక్క చిత్రానికి 6 గంటలు. రాత్రి పెట్టి పడుకుంటే ఫజర్ వేళకి తయారయ్యేది. ఆ పెద్దమనిషి "ఎర్ర రాయి కాదమ్మా, పచ్చ రాయి" అన్నాడంటే ఇంకో రాత్రి పోయినట్టే.

ఇద్దరం ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణదారు లాప్‌టాప్‌ని తిప్పి కూడా చూడలేదు. "ఇది ఇచ్చేయండి సాబ్, కొత్త గేమింగ్ లాప్‌టాప్ కిస్తుల మీద తీసుకెళ్లండి" అన్నాడు. కిస్తుల వెనకాల సూద్ ఎలా వచ్చి కూర్చుంటుందో మన ఇళ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బయటికొచ్చాక మా అమ్మాయి లాప్‌టాప్ పక్కనున్న చిన్న రంధ్రం చూపించింది. దాని పక్కన మెరుపు గుర్తుంది. "ఇది థండర్‌బోల్ట్ పోర్టు అబ్బా. ఇది ఉంటే కార్డు బయట పెట్టుకోవచ్చు" అంది.

పిల్ల నాకు నేర్పిన సబక్ మీకూ చెబుతాను.

డెస్క్‌టాప్‌లో కార్డు కూర్చునే స్లాట్‌కి 16 లేన్లుంటాయి. లేన్ అంటే డేటా నడిచే రాస్తా. థండర్‌బోల్ట్ 3 కేబుల్ సెకనుకి 40 గిగాబిట్లు మోస్తుందని చెబుతారు గానీ, అందులోంచి కార్డుకి దొరికేది ఎక్కువలో ఎక్కువ 4 లేన్లు. కార్డు అదే, రాస్తా ఇరుకు. నాకు వెంటనే నా చదువు గుర్తొచ్చింది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు. ఉర్దూలో నిమిషంలో చెప్పగలిగిన మాటని తెలుగులో రాయడానికి మొదట్లో గంట పట్టేది. మాస్టారు నాకు దిమాగ్ తక్కువనుకున్నారు. కొరత దిమాగ్‌లో లేదు, రాస్తాలో ఉంది.

మరి ఇరుకు రాస్తా మీద కార్డు దండగే కదా అంటారా? పనిని బట్టి ఉంటుంది. గేముల్లో ప్రతి క్షణం ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య డేటా తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి అక్కడ నష్టం బాగా కనిపిస్తుంది. లాప్‌టాప్ సొంత తెర మీదే ఆడితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే తయారైన బొమ్మ కూడా అదే కేబుల్ మీద వెనక్కి రావాలి. కార్డుకే వేరే మానిటర్ తగిలిస్తే కొంత నయం. బ్లెండర్ రెండరింగ్ సంగతి వేరు. సామాను అంతా ఒకసారి కార్డు మెమరీలోకి వెళ్లిపోతుంది, తర్వాత లెక్కంతా కార్డు లోపలే. రాస్తాతో పని తక్కువ. మెమరీ మాత్రం చాలినంత ఉండాలి. అందుకే మా అమ్మాయి పాతదైనా 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 కావాలంది.

పాత కార్డు కొనేటప్పుడు తొందర వద్దు. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారాక, మైనింగ్‌లో రాత్రింబగళ్లు నలిగిన కార్డులు చాలా అమ్మకానికొచ్చాయి. అరగంట పూర్తి బరువు మీద నడిపించి చూశాకే డబ్బు చేతిలో పెట్టాలి. కరెంటు హిసాబ్ కూడా ఉంది. స్లాట్ నుంచి అందేది 75 వాట్లే, ఈ కార్డు తాగేది 170. కాబట్టి కార్డు పెట్టే డాక్‌కి వేరే ఎస్ఎంపీఎస్ ఉండాలి.

మొదటి రోజు మాకూ పరేషానీ తప్పలేదు. అన్నీ తగిలించాం, లాప్‌టాప్ కార్డుని గుర్తించలేదు. నేను అప్పుడే "డబ్బు మునిగింది" అనేశాను. పిల్ల సబర్‌తో వెతికింది. నేనిచ్చింది ఫోన్ చార్జర్ కేబుల్. పైకి రెండూ ఒకటే, లోపల వేరు. థండర్‌బోల్ట్ కేబుల్ తెచ్చి పెట్టగానే కార్డు కనిపించింది. 6 గంటల చిత్రం ఇప్పుడు అరగంటలోపే అవుతోంది.

అందరూ ఇదే చేయాలని నేననను. మెరుపు గుర్తు లేకపోతే ముందు కంపెనీ కాగితాలు చూడండి, యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన పని జరగదు. 2020 నుంచి వచ్చిన ఆపిల్ సొంత చిప్పుల మ్యాక్‌బుక్‌లకి ఇలా కార్డు తగిలించడం కుదరదు. డాక్, కార్డు, ఎస్ఎంపీఎస్ కలిపి వేసుకుంటే పాత డెస్క్‌టాప్ అంత ఖర్చు అవుతుందనుకోండి, పిల్లలు ఇంట్లో కూర్చునే పనిచేస్తారనుకోండి, డెస్క్‌టాపే మేలు. మా అమ్మాయి లాప్‌టాప్‌ని రోజూ కాలేజీకి మోసుకెళ్తుంది కాబట్టి మాకు ఇది సరిపోయింది. రేపు డెస్క్‌టాప్ కొన్నా ఈ కార్డూ, ఎస్ఎంపీఎస్సూ అందులోకి వెళ్లిపోతాయి. గేమింగ్ లాప్‌టాప్‌లో కార్డు బోర్డుకి అతికించి ఉంటుంది, పాతబడితే మొత్తం పోవాల్సిందే.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. మన ఇళ్లల్లో అబ్బాయి అడిగితే సామాను, అమ్మాయి అడిగితే ఫజూల్ ఖర్చు. తాలీమ్ ఇప్పిస్తున్నామని గర్వంగా చెప్పుకుంటాం. ఆ తాలీమ్‌తో పనిచేయడానికి ఔజార్ కావాలంటే మాత్రం జేబు బిగించేస్తాం. కుట్టుమిషన్ కొనిచ్చినప్పుడు మన నానీమాలని ఎవరూ షౌక్ అనలేదు, ఎందుకంటే దాని ఉపయోగం పెద్దవాళ్లకి అర్థమయింది. గ్రాఫిక్స్ కార్డు మనకి అర్థం కాదు, కాబట్టి షౌక్ అంటున్నాం. అర్థం కాకపోవడం మన కొరత, పిల్లల తప్పు కాదు. కాదనే ముందు ఒక గంట పక్కన కూర్చుని అడగండి. హిసాబ్ అడగండి, తప్పు లేదు. కానీ కొడుకునీ అడగండి, కూతుర్నీ అడగండి. ఇన్సాఫ్ అంటే అదే.

కార్డు కోసం బేగం తన కమిటీ డబ్బు తీసిచ్చింది. అందులో సగం మా అమ్మాయి గాజుల బొమ్మల సంపాదనతో ఇప్పటికే తిరిగిచ్చేసింది, ఎవరూ అడగకుండానే. బైక్ డబ్బు మాట ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.